డ్రెయిన్ నట్టు విప్పిన తర్వాత

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి సైనిక్‌పురి వైపు వెళ్లినా, నాచారం మీదుగా ఉప్పల్‌కు వచ్చినా రోడ్డు పక్కన టూవీలర్ మెకానిక్ షెడ్లు కనిపిస్తూనే ఉంటాయి. సర్వీసింగ్‌కు వచ్చిన బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ నట్టును పానాతో వదులు చేసి, చివరి రెండు చుట్లు వేళ్లతోనే తిప్పి తీస్తారు. వెచ్చటి నల్లని ఆయిల్ ముందు ఆ వేళ్ల మీద పడి, తర్వాత కింద పెట్టిన కోసిన క్యాన్‌లోకి ధారగా దిగుతుంది. మోటార్‌సైకిల్‌కైతే అటూఇటుగా ఒక లీటరు, కారుకైతే మూడు నుంచి నాలుగైదు లీటర్లు. మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డను ప్యాంటు జేబులో దోపుకుని, క్యాన్‌లోది వెనక ఉన్న డ్రమ్ములో పోస్తాడు. మోరీలో పారబోసేవాళ్లు లేకపోలేదు. కానీ డ్రమ్ము నింపుకునేవాళ్లు చాలామంది, ఎందుకంటే పాత ఆయిల్‌కు రేటుంది. చిక్కంతా ఆ రేటు దగ్గరే మొదలవుతుంది. పారేసేదాన్ని చూసి భయపడతాం, కొనేవాడున్న సరుకును చూసి భయపడం. అందుకే ఈ ఆయిల్ ఒక చేతి నుంచి మరో చేతికి, ఒక చర్మం నుంచి మరో చర్మానికి నిదానంగా మారిపోతూ ఉంటుంది.

సీలు తీయని డబ్బాలోని కొత్త ఆయిల్‌ను అంతగా అనుమానించాల్సిన పని లేదు. అదీ చర్మాన్ని పొడిబారుస్తుంది, కొందరికి ముంజేతుల మీద, తొడల మీద మొటిమల్లాంటి పొక్కులు తెస్తుంది. అంతకు మించిన హాని సాధారణంగా ఉండదు, దానికో చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో లాంకషైర్ నూలు మిల్లుల్లో కదుళ్ల నుంచి చిందే నూనెతో ఏళ్ల తరబడి ప్యాంట్లు తడుపుకున్న కార్మికులకు వృషణాల సంచి మీద క్యాన్సర్ వచ్చింది. 1922లో మాంచెస్టర్ వైద్యులు దాన్ని బయటపెట్టారు. తర్వాత శుద్ధి పద్ధతులు మెరుగుపడి, క్యాన్సర్ కారకాలైన పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లను, అంటే పీఏహెచ్‌లను, రిఫైనరీలోనే చాలావరకు తీసేయడం మొదలైంది. సరిగా శుద్ధి చేయని మినరల్ ఆయిల్స్ నేటికీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ జాబితాలో మొదటి వర్గంలోనే ఉన్నాయి. రిఫైనరీ అంత కష్టపడి తీసేసిన వాటినే ఇంజిన్ మళ్లీ తెచ్చి కలుపుతుంది. సిలిండర్‌లో సగం కాలిన పెట్రోల్ నుంచి పుట్టిన పీఏహెచ్‌లు పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతాయి. బండి తిరిగేకొద్దీ పేరుకుంటాయి. వాటితోపాటు మసి, అరిగిన ఇనుము, రాగి, క్రోమియం రజను కూడా చేరతాయి. సీసం మాత్రం తగ్గింది, 2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ ఆపేసిన పుణ్యమా అని. వాడిన ఆయిల్‌ను పదేపదే పూస్తే ఎలుకల చర్మం మీద కణుతులు వచ్చినట్టు ప్రయోగాల్లో తేలింది. అందుకే చాలా కంపెనీలు వాడిన ఆయిల్‌ను చర్మానికి తగలనీయవద్దని డబ్బా వెనక అచ్చు వేస్తాయి, చదవడానికి భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాల్లో.

ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాం, ఏమీ కాలేదు అనేది దీనికి సర్వసాధారణంగా వచ్చే జవాబు. కొట్టిపారేయదగ్గ మాట కాదు, ఒకసారి చెయ్యి తడిస్తే ఎవరికీ ఏమీ కాదు. లాంకషైర్ కార్మికులకూ మొదటి పదేళ్లలో ఏమీ కాలేదు. రోగం బయటపడటానికి దశాబ్దాలు పట్టింది, అప్పటికి చాలామంది మిల్లు పని మానేసి ఉన్నారు. పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో షెడ్డులో చేరిన కుర్రాడు నలభై ఏళ్లకు ఊరెళ్లి కిరాణా కొట్టు పెట్టుకున్నాక ఒంటి మీద మానని పుండు పడితే, దాన్ని పాత పానాతో ముడిపెట్టి చూసే డాక్టరు ఎవరు? వీధి మెకానిక్‌కు హాజరు పట్టీ ఉండదు, ఏటా వైద్య పరీక్ష చేయించే యాజమాన్యం ఉండదు. లెక్క రాయనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. జేబులో దోపిన గుడ్డ విషయంలో ఈ చరిత్ర మరీ సూటిగా వర్తిస్తుంది. నూనెలో నానిన బట్ట రోజంతా ఒంటికి అతుక్కుని ఉండే చోటే మిల్లు కార్మికులకు క్యాన్సర్ వచ్చిన చోటు. సాయంత్రం ఆ మరకలు పోవడానికి పెట్రోల్‌తో చేతులు కడుక్కోవడం ఇంకో పొరపాటు. పెట్రోల్ చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి, తనలోని బెంజీన్‌ను లోపలికి పంపుతుంది, చర్మానికి ఉన్న కాస్త కాపలానూ తీసేస్తుంది.

ఇక డ్రమ్ము నిండాక సంగతి. సెంట్రింగ్ పనివాళ్లు స్లాబు పోసే ముందు రేకులకు కాంక్రీటు అంటుకోకుండా పాత ఆయిల్ పూస్తారు, బ్రష్ లేకపోతే గుడ్డతోనో చేత్తోనో. గుమ్మాలకు, కంచె గుంజలకు చెదలు పట్టకుండా పూసేవాళ్లున్నారు. కొలుముల్లో, బాయిలర్లలో చవక ఇంధనంగా కాల్చితే అందులోని లోహాలు పొగలో గాలికెక్కుతాయి. కొంత సరుకు వడపోసి, రంగు తేల్చి, పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో మళ్లీ కొత్త ఆయిల్‌గా వచ్చే మోసమూ ఉంది. ఖాళీ డబ్బాకు షెడ్డులోనే మేకుతో చిల్లు పొడిపించాలనే సలహా అందుకే.

మున్సిపాలిటీయే వాడుతుంటే మాకేం నీతులు చెబుతారు అనే ప్రశ్న అన్నిటికన్నా గట్టిది. నిజమే. దోమల సీజన్‌లో నీటి గుంతల్లో, కుంటల్లో వేసే ఆయిల్ బాల్స్ అంటే వేస్ట్ ఆయిల్‌లో నానబెట్టిన రంపపు పొట్టు మూటలే. నీటి మీద పరుచుకున్న పలుచని పొర దోమ పిల్లల ఊపిరి గొట్టాలను మూసేస్తుంది, అవి చస్తాయి. పద్ధతి పాతదే, పనామా కాలువ తవ్వేటప్పుడు కూడా మలేరియాను అదుపు చేయడానికి ఇలా నూనె చల్లారు. దోమకూ మలేరియాకూ లంకెను 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనిపెట్టిన సికింద్రాబాద్ ఇక్కడికి ఎంతో దూరం లేదు గనుక, దోమను తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు. కానీ ఆనాడు చల్లింది ఇంజిన్లలో కాలి, లోహపు రజను చేరిన ఆయిల్ కాదు. గాలికి చెదిరిపోయే ఆ పొర కోసం అంత సరుకును నీళ్లలో వదలాల్సిన అవసరమూ లేదు. గంబూసియా చేపలున్నాయి, దోమ పిల్లలను చంపే బీటీఐ బ్యాక్టీరియా మందు ఉంది. పెద్ద వాన పడితే గుంట నిండి నాలాలోకి పొర్లుతుంది, ఉప్పల్ వైపు నాలాలు చివరికి చేరేది మూసీకే. అక్కడి నుంచి దిగువన మూసీ నీళ్లతో పారా గడ్డి పెంచి గేదెలకు వేస్తారు. నేల సంగతీ అంతే. హైదరాబాద్ నిలబడింది గ్రానైట్ మీద. ఇసుక నేలలా వడగట్టే గుణం దానికి లేదు, పగుళ్లలోకి దిగినది దిగినట్టే బోరు వరకూ పోగలదు. ఒక లీటరు పాత ఆయిల్ పది లక్షల లీటర్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది.

చట్టం లేక కాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి, తొంభై రోజులకు మించి నిల్వ చేయకూడదు. కానీ డ్రమ్ముకు రొక్కం చేతిలో పెట్టి తీసుకుపోయే ఆటోవాలా ఉన్నప్పుడు, ఫారాలు నింపమనే రీసైక్లర్ కోసం మెకానిక్ ఎందుకు ఎదురు చూడాలి? చిన్నవాడి పొట్ట కొట్టడమేనా అనే అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే దానికి మందు చట్టం సడలించడం కాదు, సక్రమమైన కొనుగోలుదారుడు ఎక్కువ ధర ఇవ్వగలిగేలా చూడటం. 2023లో చేసిన సవరణ ఆ దారే పట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి లూబ్రికెంట్ తయారీదారులు, దిగుమతిదారులు తాము అమ్మినదాంట్లో కొంత వాటా రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు చూపాలి. అంటే కంపెనీ డబ్బు రీసైక్లర్‌కు, అక్కడి నుంచి డ్రమ్ముకు చేరే అవకాశం ఏర్పడింది. సరుకుకూ లోటు లేదు. 42 గ్యాలన్ల క్రూడాయిల్ నుంచి వచ్చేంత లూబ్రికెంట్‌ను ఒక్క గ్యాలన్ పాత ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేసి రాబట్టవచ్చు.

ఈలోగా షెడ్డులో చేయగలిగిన పనులు ఖర్చుతో కూడినవి కావు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోవడం, గుడ్డను మేకుకు తగిలించడం, చేతులు సబ్బుతో కడగడం, కింద ఒలికితే నీళ్లు కొట్టకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తడం. పాత ఆయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో ఉంచనే కూడదు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపులో ఉన్నప్పటికన్నా ప్రమాదం. డ్రమ్ములో బ్రేక్ ఆయిల్, కూలెంట్, పార్టులు కడిగిన పెట్రోల్ కలపకూడదు, కలిపితే రీసైక్లర్ దగ్గర దాని విలువ పడిపోతుంది. ఇక ఆ డ్రమ్మును రీసైక్లర్ దాకా మోసే బండి ఎక్కడి నుంచి వస్తుందంటారా, సైనిక్‌పురి షెడ్లకు కొత్త ఆయిల్ కార్టన్లు దింపే ట్రాలీ ఆటోలు సరుకు దించాక ఖాళీగానే తిరిగి వెళ్తున్నాయి. డీలరు అనుమతి తీసుకుని, ఆ ట్రాలీలోనే నిండిన డ్రమ్మును తూకం వేసి తీసుకెళ్లి, దాని డబ్బును కొత్త ఆయిల్ బిల్లులో తగ్గించవచ్చు.