పడవ రోడ్డెక్కింది!

పడవంటే నీళ్ల మీదే రావాలిగా అంటారా? నిజాంపట్నంలో పాత వేటపడవ కొని కొల్లిపర తెచ్చుకోవాలంటే కాగితమ్మీద దారి సులువే. సముద్రంలో వెళ్లి, కృష్ణమ్మ కలిసేచోట మలుపు తిరిగి, ఏట్లో ఎదురెక్కడమే! కానీ ఎండాకాలంలో అడుగడుగునా ఇసుక మేటలు. వరదొస్తే చిన్న ఇంజను ఎదురీదలేదు. దుగ్గిరాల దగ్గర చీలి తెనాలి మీదుగా వెళ్లే నిజాంపట్నం కాలువ ఉందిగా అనొచ్చు. డెల్టా కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో గాలి లేకపోతే మనుషులే గట్టున నడుస్తూ తాడేసి లాగేవారు. ఆ రోజులు పోయాయి. ఇక రేపల్లె, తెనాలి మీదుగా రోడ్డే గతి.

అసలు చిక్కు ఇక్కడే. నీళ్లు పడవ అడుగంతటినీ సమానంగా మోస్తాయి. ట్రాక్టరు ట్రక్కులో రెండు దుంగల మీద పెడితే బరువంతా అక్కడే పడుతుంది. గతుకుల్లో ఫైబర్ చిట్లిందంటే ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బు ఏటిపాలే! అందుకే పాత టైర్లు, ఇసుక బస్తాలు పరవాలి. ఇంజను విప్పి విడిగా తేవాలి. బరువు వెనక్కి ఎక్కువైతే ట్రక్కు ముందుభాగం లేస్తుంది. బయల్దేరిన కాసేపటికే ఆగి తాళ్లు మళ్లీ బిగించాలి, నైలాను తాడు సాగుతుంది మరి.

కొనేముందు ఫైబర్ పడవని వేళ్లతో తట్టి చూడాలి. బోలుగా మోగితే లోపల పొరలు విడినట్టే. పేరు మార్పిడి కాగితాలు మత్స్యశాఖలో చేయించుకోవాల్సిందే.

చెక్క పడవైతే ఇంకో తంటా. ఎండకి చెక్క కుంచించుకుపోయి సందులు విడతాయి. దారంతా తడి గోనెలు కప్పాలి. ఊరు చేరగానే ఏటి ఒడ్డున సగం ముంచి ఉంచాలి. చెక్క నీళ్లు తాగి ఉబ్బి సందులు మూసుకున్నాక, నీళ్లు తోడేసి వల ఎక్కించడమే.