ఆటలోనే అక్షరం – అంగన్‌వాడీలో ఏడాది పొడుగునా

"ఏం టీచరమ్మా, మావాడు ఆరు నెలల నుంచి వస్తున్నాడు. ఒక్క అక్షరం రాలేదు. రోజూ ఆకులు ఏరడం, గింజలు లెక్కపెట్టడం, పాటలు పాడటం. దీనికి అంగన్‌వాడీ ఎందుకు? ఇంట్లో ఆడుకోడా?"

ఈ మాట అనని తల్లి ఉండదు. పక్కింటి పిల్లాడు టై కట్టుకుని, బస్సెక్కి ఎల్‌కేజీకి పోతుంటాడు. వాడి పుస్తకం నిండా ఏ, బి, సి, డిలు ఉంటాయి. అది చూసి తల్లికి బెంగ పుడుతుంది. తన బిడ్డ వెనకబడిపోతాడేమోనని భయం వేస్తుంది. అప్పు చేసైనా కాన్వెంటులో వెయ్యాలనిపిస్తుంది.

ఆ అప్పు చేసే ముందు ఒక సంగతి ఆలోచించాలి. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న ఆడవాళ్ళకు ఇది బాగా తెలుసు. మొదటి రోజు బలపం పట్టుకున్నప్పుడు చెయ్యి ఎంత వణికింది! నాట్లు వేసిన చెయ్యి, కలుపు తీసిన చెయ్యి, రొట్టె చేసిన చెయ్యి. అంత పనితనం ఉన్న చేతికే ఒక 'అ' దిద్దడానికి చెమట పట్టింది. మరి మూడేళ్ళ పసివాడి చేతికి ఎంత కష్టం!

మూడేళ్ళ పిల్లాడి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్ళలోని చిన్న కండలకు పట్టు ఉండదు. ముందు భుజం తిరుగుతుంది. తరువాత ముంజెయ్యి. ఆఖరుకు వేళ్ళు. ఈ వరస తప్పించి ముందే పెన్సిలు ఇచ్చి రాయమంటే పిల్లాడికి చెయ్యి నొప్పి పుడుతుంది. చదువంటేనే విసుగు పుడుతుంది. అందుకే అంగన్‌వాడీలో ముందు మట్టి పిసికిస్తారు, గింజలు ఏరిస్తారు, పూలు గుచ్చిస్తారు. అవి వేళ్ళకు కసరత్తులు.

ఈ పేరు ఎలా వచ్చింది?

అంగన్ అంటే ముంగిలి. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ అనే ఆమె 1945లో బోర్డి అనే ఊరిలో పేద పిల్లల కోసం బడి మొదలుపెట్టింది. ఆ పిల్లలు బడికి రాలేదు. వాళ్ళు రాకపోతే బడే వాళ్ళ దగ్గరికి పోవాలి అనుకుంది. వాళ్ళ వాడలోనే, ఇళ్ళ ముంగిట్లోనే పిల్లల్ని కూర్చోబెట్టింది. కొనే బొమ్మలకు డబ్బు లేదు. రాళ్ళు, ఆకులు, గింజలు, గవ్వలతోనే పాఠం చెప్పింది. ఆమెకు తోడుగా నిలిచిన అనుతాయి వాఘ్ కథ కూడా తెలుసుకోదగ్గదే. చిన్ననాడే పెళ్ళయి, చిన్ననాడే భర్తను పోగొట్టుకున్న మనిషి ఆమె. తరువాత పట్టుబట్టి చదువుకుని టీచరమ్మ అయింది. ఇద్దరూ కోస్‌బాడ్ గుట్ట మీద ఆదివాసీ పిల్లల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు.

1975 అక్టోబరు 2న మన దేశ ప్రభుత్వం 33 చోట్ల శిశు అభివృద్ధి పథకం ప్రారంభించింది. దాని కేంద్రాలకే అంగన్‌వాడీ అని పేరు. అందులో అందాల్సిన సేవలు ఆరు. అన్నం, గుడ్డు, టీకాలు అందరికీ తెలిసినవే. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు కూడా ఆ ఆరింటిలో ఒకటి. ఈ సంగతి చాలామంది తల్లులకు తెలియదు.

వానాకాలం

జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. నేల తడుస్తుంది. పిల్లలకు పండగే.

టీచరమ్మ పళ్ళెంలో నీళ్ళు పోస్తుంది. పక్కన ఒక ఆకు, గులకరాయి, ఇనుప మేకు, కొబ్బరి చిప్ప పెడుతుంది. "ఏది తేలుతుంది? ఏది మునుగుతుంది?" అని అడుగుతుంది. ముందు పిల్లలు ఊహించి చెప్పాలి. ఆ తరువాతే వేసి చూడాలి. కొబ్బరి చిప్ప పెద్దది, మునుగుతుంది అంటారు. అది తేలుతుంది. మేకు చిన్నది, తేలుతుంది అంటారు. అది బుడుంగున మునుగుతుంది. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తారు. పెద్దదల్లా మునగదు, చిన్నదల్లా తేలదు అని ఎవరూ చెప్పకుండానే వాళ్ళకు తెలిసిపోతుంది. ఊహించడం, చేసి చూడటం, తప్పయితే మళ్ళీ ఆలోచించడం. సైన్సు అంటే ఇదే. (ఈ ఆట ఆడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. బకెట్టు నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు.)

ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమలు గుడ్డ లాంటి పురుగులు కనిపిస్తాయి. వాటినే ఆరుద్ర పురుగులు అంటారు. ఒక ఆకు మీద ఎక్కించి కాళ్ళు లెక్కపెట్టమంటే పిల్లలు ఊపిరి బిగపట్టి లెక్కపెడతారు. ఎనిమిది! చీమకేమో ఆరే. లెక్క అయ్యాక పురుగును మళ్ళీ మట్టిలో వదిలేయాలి.

ఇంకొకటి పెసల పాఠం. మూడు కొబ్బరి చిప్పల్లో మట్టి పోసి, నానిన పెసలు వేస్తారు. ఒక చిప్పకు నీళ్ళు పోసి వెలుతురులో పెడతారు. ఇంకో చిప్పలో పొడి మట్టి వేసి, నీళ్ళు పోయకుండా వదిలేస్తారు. మూడో చిప్పకు నీళ్ళు పోసి చీకటి గదిలో పెడతారు. వారం రోజులకు చూస్తే మొదటిది పచ్చగా ఉంటుంది. రెండోది ఎదగదు. మూడోది పొడుగ్గా సాగి, పాలిపోయి పసుపు పచ్చగా ఉంటుంది. "దానికి జ్వరం వచ్చింది" అంటాడు ఒకడు. "కాదు, ఎండ లేదు" అంటుంది ఇంకొక పిల్ల. రైతు బిడ్డలకు ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

అయితే ఈ కాలంలోనే ఒక చిక్కు ఉంది. వానలు పడితే నాట్లు మొదలవుతాయి. తల్లులు తెల్లవారక ముందే కూలికి పోతారు. చిన్నవాణ్ణి అంగన్‌వాడీకి తీసుకుపోయే వాళ్ళుండరు. అప్పుడు ఏం జరుగుతుంది? బడికి పోయే అక్కను ఆపేస్తారు. "నాలుగు రోజులే గదా" అంటారు. నాలుగు రోజులు నెల అవుతుంది. నెల తరువాత ఆ పిల్లకు బడిలో పాఠం అర్థం కాదు. పోవడం మానేస్తుంది. తమ్ముడి చదువూ పాయె, అక్క చదువూ పాయె. చాలామంది ఆడవాళ్ళ చదువు ఒకప్పుడు ఇట్లాగే ఆగింది. వాళ్ళు రాత్రి బడిలో మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

దీనికి దారి లేకపోలేదు. వాడలో నలుగురైదుగురు తల్లులు కలిసి మాట్లాడుకోవచ్చు. ఇంటి దగ్గర ఉండే అవ్వకో, బాలింతకో చెప్పి పిల్లలందరినీ కలిపి పంపవచ్చు. ఆయమ్మతో ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు. ఆ నెల రోజులు ఈ ఏర్పాటు నడిస్తే ఇంటికి ఇద్దరి చదువు నిలబడుతుంది.

పూల కాలం

వానలు వెనకబట్టేసరికి తెలంగాణ పల్లెల్లో తంగేడు పూస్తుంది. బతుకమ్మ వస్తుంది. పిల్లలు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు తెస్తారు. కుప్పగా పోస్తారు. రంగు రంగు వేరు చెయ్యాలి. తరువాత పళ్ళెంలో పేర్చాలి. ఒక వరస పసుపు, ఒక వరస తెలుపు. మళ్ళీ పసుపు. "తరువాత ఏది?" అని టీచరమ్మ అడుగుతుంది. "తెలుపు!" అని అందరూ అరుస్తారు. ఒక వరసను చూసి, రాబోయేది చెప్పడం లెక్కలకు పునాది. కింది వరస పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నది. పెద్ద–చిన్న, కింద–పైన అనే మాటలు పూలతోనే వచ్చేస్తాయి.

పూలు వేరు చేసే కన్నే తరువాత అక్షరాలు వేరు చేస్తుంది. 'ద'కూ 'ధ'కూ తేడా ఎంత? కింద చిన్న గీత. 'ఎ'కూ 'ఏ'కూ తేడా ఎంత? అదీ అంతే. చదువు కొత్తగా నేర్చుకున్న వాళ్ళను ఎంత తిప్పలు పెడతాయి ఈ అక్షరాలు! చిన్న తేడాను పట్టుకునే అలవాటు ముందే ఉంటే ఆ తిప్పలు సగం తగ్గుతాయి.

సంక్రాంతి ముగ్గు

ఏడాది మొత్తంలో పిల్లలకు ఎక్కువ చదువు చెప్పేది ఏది అంటే సంక్రాంతి ముగ్గే. ఇందులో టీచరమ్మ కన్నా తల్లులకే ఎక్కువ తెలుసు.

ఏడు చుక్కలు, నాలుగు వచ్చే దాకా సందు చుక్క. ఈ మాట ప్రతి ఆడమనిషికీ అర్థమవుతుంది. నడుమ వరసలో 7. దానికి పైన 6, 5, 4. కింద 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. అక్షరం రాని రోజుల్లో కూడా ఈ లెక్క ఎవరికీ తప్పలేదు. వేలిముద్ర వేసిన చెయ్యే వాకిట్లో వంకర లేకుండా మెలికలు తిప్పింది. "నాకు లెక్కలు రావు" అన్న మాట ఎంత అబద్ధమో చూడండి!

పిల్లలకు ఏడు చుక్కలు వద్దు. మూడు చుక్కలు మూడు వరసలు చాలు. మొదట తడి ఇసుకలో వేలితో చుక్క పెట్టిస్తారు. రెండు చుక్కలు కలిపితే గీత. ఏటవాలు గీత. చుక్క చుట్టూ తిప్పితే సున్న. మన తెలుగు అక్షరాలు గుండ్రటివి. సున్న చుట్టడం వస్తే, దానిపై తలకట్టు పెడితే 'ర' వచ్చేసినట్టే. ముగ్గు మెలిక తిప్పిన వేలికి అక్షరాల వంపులు కొత్త కావు. మొదట చెయ్యంతా తిప్పి పెద్ద ముగ్గు. తరువాత పలక మీద చిన్న ముగ్గు. ఆ తరువాతే అక్షరం. ముగ్గుపిండి మాత్రం పిల్లలకు రాతిపిండి ఇవ్వకండి, కళ్ళల్లో పడుతుంది. బియ్యప్పిండి మేలు. మగపిల్లలు కూడా ముగ్గు వెయ్యాలి. వాళ్ళకూ చేతులున్నాయి, అక్షరాలు వాళ్ళకూ కావాలి.

పంట ఇంటికొచ్చాక చూరుకు వరికంకుల కుచ్చు కడతారు. పిచ్చుకలు వస్తాయి. ఎన్ని వచ్చాయి? రెండు ఎగిరిపోతే ఎన్ని మిగిలాయి? కూడికలూ తీసివేతలూ చూరు కిందే అయిపోతాయి.

ఉగాది, ఎండలు

ఉగాదికి ఆరు రుచులు. కళ్ళు మూసుకోమని నాలుక మీద కొంచెం పెట్టి "ఇదేమిటి?" అని అడుగుతారు. వేపపువ్వు తగిలితే మొహం చిట్లిస్తారు. చేదు, పులుపు, తీపి, ఉప్పు, కారం పిల్లలకు తొందరగా వస్తాయి. వగరు అన్న మాట మాత్రం మెల్లగా వస్తుంది. మామిడి పిందె కొరికిన పిల్లకు ఆ మాట ఇక మరుపుండదు. మామిడి చెట్టు కిందే ఇంకో ఆట. ఎర్రటి చిగురు, లేతాకు, ముదురాకు, పండుటాకు ఏరి వరసలో పెట్టాలి. ముందేది, వెనకేది అన్నది తెలుస్తుంది.

ఎండాకాలంలో పొద్దున్నే ఒక పిల్లను వాకిట్లో నిలబెట్టి నీడ చుట్టూ సుద్దముక్కతో గీస్తారు. మధ్యాహ్నం ఒక్క నిమిషం అక్కడే నిలబెడితే నీడ కాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. "నా నీడ ఎవరు తిన్నారు?" అని అడిగే పిల్లలుంటారు. జవాబు వెంటనే చెప్పకూడదు. సూర్యుడు ఎక్కడున్నాడో చూడమనాలి.

తల్లి ఏం అడగాలి?

అన్ని కేంద్రాలూ ఇట్లాగే నడుస్తాయని కాదు. కొన్నిచోట్ల అన్నం పెట్టి పడుకోబెడతారు. రిజిస్టర్లు రాయడంతోనే టీచరమ్మ పొద్దు గడిచిపోతుంది. అందుకే తల్లి పోయి చూడాలి. "మా బిడ్డకు ఎన్ని అక్షరాలు వచ్చాయి?" అని అడగొద్దు. "ఈ వారం ఏం ఆడారు? ఏం పాట నేర్చుకున్నారు? మావాడు నలుగురిలో మాట్లాడుతున్నాడా?" అని అడగండి. గింజలు, పూలు, ఖాళీ డబ్బాలు, కొబ్బరి చిప్పలు తీసుకుపోయి ఇవ్వండి. పాత సామెతలు, పొడుపు కథలు వచ్చిన అవ్వ ఉంటే ఆమెను ఒక పూట పిల్లల దగ్గర కూర్చోబెట్టండి. మెదడు ఎదుగుదలలో నూటికి 85 వంతుల పైన ఆరేళ్ళ లోపే జరుగుతుందని 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం చెప్పింది. అందుకే ఈ మూడేళ్ళ ఆట చిన్న సంగతి కాదు.

గింజలతో ఆడించేటప్పుడు ఒక జాగ్రత్త. మూడేళ్ళ లోపు పిల్లలకు చింతగింజలు, పల్లీలు చేతికివ్వకండి. ముక్కులో దోపుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. అన్నిటికన్నా భయపడాల్సింది గురివింద గింజ. ఎర్రగా, నల్ల బొట్టుతో ముద్దుగా ఉంటుంది. అది విషం. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. పచ్చ గన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడా అంతే. ఇవి కేంద్రం చుట్టుపక్కల ఉంటే పీకించేయండి. పిల్లలెవరైనా నోట్లో పెట్టుకుంటే నాటు మందు పొయ్యొద్దు, వాంతి చేయించాలని చూడొద్దు. నోట్లో మిగిలింది తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. 108కి ఫోన్ చెయ్యండి. పిల్లాడు తిన్నది ఏ గింజో డాక్టరుకు తెలియడానికి అలాంటిదే ఒకటి కాగితంలో చుట్టి వెంట పట్టుకుపోండి.