కాలేజీ కాగితం వచ్చింది సరే, డాలర్లు వస్తాయా?

అమెరికాలో చదివే పిల్లల పన్ను లెక్కలో తిరకాసు

జనవరి నెలాఖరుకల్లా అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మన పిల్లలు కొందరికి కాలేజీ నుంచి ఒక కాగితం అందుతుంది. దాని పేరు 1098-టి. ఆ సంవత్సరం కాలేజీకి ముట్టిన ఫీజు ఒకటవ గడిలోను, స్కాలర్‌షిప్పు అయిదవ గడిలోను ఉంటాయి. దాన్ని చూసిన గది స్నేహితుడు "ఇది పెట్టి లెక్క దాఖలు చేస్తే వెయ్యి డాలర్లు తిరిగొస్తాయి" అంటాడు. పొలం తాకట్టు పెట్టి కొడుకును పంపిన తండ్రికి ఫోనులో ఈ మాట వింటే ప్రాణం లేచి వస్తుంది. మన లెక్కన ఎనభై వేల పైమాటే మరి.

వెయ్యి డాలర్ల మాట వట్టిది కాదు. అమెరికా ప్రభుత్వం 2009లో తెచ్చిన రాయితీ ఒకటుంది. డిగ్రీ చదివే మొదటి నాలుగేళ్లలో, ఫీజు కింద కట్టిన మొదటి 2,000 డాలర్లు పూర్తిగాను, తరువాతి 2,000లో నాలుగో వంతు, మొత్తం మీద 2,500 డాలర్ల దాకా పన్నులో తగ్గిస్తారు. కట్టవలసిన పన్ను లేకపోయినా అందులో 1,000 వరకు చేతికిస్తారు. 1997 నుంచి ఉన్న మరో రాయితీలో 10,000 డాలర్ల ఫీజు మీద 20 శాతం, అంటే 2,000 వరకు పన్ను తగ్గుతుంది. అయితే ఇందులో చేతికొచ్చేదేమీ లేదు.

చిక్కంతా ఇవి ఎవరికన్నదే. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థిని మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను చట్టం అక్కడి నివాసిగా లెక్కించదు. ఆగస్టులో దిగినా ఆ ఏడాది ఒక సంవత్సరం కిందే లెక్క. 2023 ఆగస్టులో వెళ్లినవాడు 2027 దాకా ఆ లెక్కలోనే ఉంటాడు. ఈ అయిదేళ్లలో మామూలుగా రెండు రాయితీలూ లేవు. పైగా ఎం.ఎస్. వారికి నాలుగేళ్ల డిగ్రీ ముందే అయిపోయింది కనుక మొదటిది ఎలాగూ దక్కదు. కాగితం చేతికి వచ్చినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు.

పొరపాటు జరిగేది ఫారం దగ్గర. వీరు వేయవలసింది 1040-ఎన్.ఆర్. కంప్యూటరులో నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చి 1040 పంపేస్తారు. డబ్బు కూడా ఖాతాలో పడుతుంది. తరువాత పట్టుబడితే వడ్డీతో కక్కాలి, జరిమానా కూడా పడవచ్చు. లక్ష్యపెట్టకుండా అడిగారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ రాయితీ అడగనివ్వరు. ఇప్పటికే పంపినవారు 1040-ఎక్స్ ఫారంతో సరిదిద్దుకోవచ్చు. ఆదాయం లేనివారు సైతం 8843 అనే ఫారం పంపాలి. ఇది చాలామంది మరచిపోయేది.

నిజంగా మనవారికి దక్కేది వేరే ఉంది, దాన్ని గురించి చెప్పేవారు తక్కువ. 1989లో కుదిరిన భారత-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం భారతీయ విద్యార్థులు అక్కడి పౌరుల మాదిరిగానే ఆదాయంలో ఒక మొత్తాన్ని మినహాయించుకోవచ్చు. 2024 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి అది 14,600 డాలర్లు. మిగతా దేశాల విద్యార్థుల్లో ఎక్కువమందికి ఈ వీలు లేదు. అలాగే ఆ అయిదేళ్లలో, వీసా నిబంధనల మేరకు చేసే పనికి, జీతంలో 7.65 శాతం సామాజిక భద్రత, వైద్య పన్నుల కింద కోయకూడదు. కోస్తే ముందు యజమానిని అడగాలి. ఆయన ఇవ్వకపోతే 843 ఫారం ఉండనే ఉంది.

ఇక్కడి తల్లిదండ్రుల సంగతికొస్తే, విద్యా రుణం వడ్డీకి ఆదాయపు పన్ను పాత విధానంలో ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు కనుక కేవలం సేద్యం మీద బతికే తండ్రికి అది అక్కరకు రాదు. టీచరుగానో గుమాస్తాగానో పనిచేసేవారు తమ పేరున రుణం తీసుకుని ఉంటే, ఏటా బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాసి తెచ్చిన అప్పు ఈ లెక్కలోకి రాదు.