జరగని సంగతి కూడా తెలిసినవాడు

బైబిలు తరగతుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. దేవుడికి నా గురించి అంతా ముందే తెలుసు కదా. నేను ఎలాంటివాణ్నో, రేపు ఏం చేస్తానో, ఎక్కడ పడిపోతానో ఆయనకు తెలియనిది లేదు. అలాంటప్పుడు నేను మారాలని కష్టపడటం ఎందుకు, ప్రార్థన చేయడం ఎందుకు? అడిగేవాళ్లు తర్కం కోసం అడగరు. పరీక్ష తప్పిన కుర్రాడు అడుగుతాడు, తాగుడు మానలేకపోతున్న మనిషి అడుగుతాడు, కొడుకు మీద ఆశ వదిలేసుకున్న తల్లి అడుగుతుంది. నమ్మాలి అంతే అని చెప్పి వాళ్లను పంపించేయడం అన్యాయం.

ఈ ప్రశ్నకు బాగా పనికొచ్చే కథ సమూయేలు మొదటి గ్రంథం 23వ అధ్యాయంలో ఉంది. గొల్యాతు కథ తెలిసిన వాళ్లలో కూడా చాలామందికి ఇది గుర్తుండదు. దావీదు అప్పటికి రాజు కాలేదు. సౌలు రాజు పగబట్టి తరుముతుంటే అడవులు, కొండలు పట్టి తిరుగుతున్నాడు. ఆ సమయంలో కెయీలా అనే ఊరి మీద ఫిలిష్తీయులు పడి కళ్లాల్లో ధాన్యం దోచుకుపోతున్నారని అతనికి కబురొచ్చింది. వెళ్లమంటావా అని దేవుణ్ని అడిగాడు. వెళ్లమన్నాడు. వెంట ఉన్నవాళ్లు భయపడ్డారు. ఇక్కడే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం, అక్కడికెలా పోతాం అన్నారు. దావీదు మళ్లీ అడిగాడు, మళ్లీ అదే జవాబు. వెళ్లి ఊరిని కాపాడాడు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కెయీలాకు తలుపులు, అడ్డగడియలు ఉన్నాయి. దావీదు అందులో చిక్కుకున్నాడని తెలిసి సౌలు సంబరపడి సైన్యాన్ని సిద్ధం చేశాడు. సంగతి తెలుసుకున్న దావీదు, యాజకుడైన అబ్యాతారును ఏఫోదు అనే యాజక వస్త్రం తెమ్మని, దేవుణ్ని రెండు ప్రశ్నలు అడిగాడు. సౌలు ఇక్కడికి వస్తాడా? వస్తే ఈ ఊరి పెద్దలు నన్ను అతని చేతికి అప్పగిస్తారా? వస్తాడు, అప్పగిస్తారు అని జవాబు వచ్చింది. తాను కాపాడిన ఊరే తనను పట్టిస్తుందని విన్న దావీదు ఆ మాట పట్టుకుని కూలబడలేదు. దాదాపు 600 మందిని వెంటబెట్టుకుని ఊరు వదిలి వెళ్లిపోయాడు. అది విని సౌలు ప్రయాణం మానుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. సౌలు కెయీలాకు రాలేదు. ఊరివాళ్లు దావీదును అప్పగించలేదు. దేవుడు చెప్పిన రెండూ జరగలేదు. అయినా ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఎందుకంటే దావీదు అక్కడే ఉండి ఉంటే ఆ రెండూ జరిగేవి. అంటే ఆయనకు జరగబోయేదే కాదు, జరిగే వీలుండి జరగకుండా పోయేది కూడా తెలుసు. ఫలానా మనిషిని ఫలానా పరిస్థితిలో నిలబెడితే ఏం చేస్తాడో తెలుసు. కెయీలా వాళ్లు కృతజ్ఞత లేని దుర్మార్గులని కథ ఎక్కడా అనలేదు. సౌలు సైన్యం గుమ్మం ముందుకొస్తే వాళ్ల ధైర్యం ఎంతవరకు నిలుస్తుందో ఆయనకు తెలుసు, అంతే. బహుశా వాళ్లకే తెలియదు.

16వ శతాబ్దంలో లూయిస్ దె మొలీనా అనే స్పెయిన్ దేశపు జెస్యూట్ పండితుడు ఈ కథను చాలా గట్టిగా పట్టుకున్నాడు. 1588లో లిస్బన్‌లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన దేవుని జ్ఞానాన్ని మూడు విధాలుగా విడదీసి చూపించాడు. సాధ్యమైనవన్నీ తెలిసి ఉండటం ఒకటి. నిజంగా జరిగేవి, జరగబోయేవి తెలిసి ఉండటం మరొకటి. ఈ రెంటికీ నడుమ ఉన్నది మూడోది. స్వేచ్ఛ ఉన్న ప్రతి మనిషీ ఏ పరిస్థితిలో ఉంటే ఏం ఎంచుకుంటాడో తెలిసి ఉండటం. నడుమ ఉంది కాబట్టి దానికి మధ్య జ్ఞానం అని పేరు పెట్టాడు. యేసు కొరాజీనా, బేత్సయిదా ఊళ్లను గద్దిస్తూ, ఇక్కడ చేసిన అద్భుతాలే తూరు సీదోనుల్లో చేసి ఉంటే వాళ్లు ఎప్పుడో మారుమనసు పొంది ఉండేవారని అన్న మాట కూడా ఈ వాదానికి ఆధారమే. తూరు, సీదోనులు అన్యుల పట్టణాలు. వాటిలో బయటపడకుండా మిగిలిపోయిన మంచిని కూడా చూసిన చూపు అది.

మొలీనాను అందరూ ఒప్పుకోలేదు. దొమింగో బాన్యెస్ అనే డొమినికన్ పండితుడు, ఆయన పక్షం వాళ్లు తీవ్రంగా ఎదిరించారు. మనిషి ఏం చేస్తాడన్నది దేవుని సంకల్పంతో సంబంధం లేకుండా ముందే నిజమై ఉంటే, దేవుడు మనిషి మీద ఆధారపడినట్టే కదా అన్నది వాళ్ల అభ్యంతరం. కెయీలా గురించి మరో వ్యాఖ్యానమూ ఉంది. ఆ క్షణాన ఊరి పెద్దల మనసులో ఉన్న ఉద్దేశమే దేవుడు చెప్పాడు, అంతకు మించి కాదు అని. ఈ తగువు రోమ్ దాకా వెళ్లింది, ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 1607లో పోప్ ఐదవ పౌలు ఎవరి పక్షమూ తీర్పు చెప్పకుండా, ఒకరినొకరు మతద్రోహులని అనుకోవద్దని చెప్పి ముగించాడు. నాకు ఆ ముగింపులో పిరికితనం కనపడదు. మనిషి బుద్ధి ఎక్కడిదాకా పోగలదో తెలిసినవాళ్లు చేసిన పని అది.

పండితుల వాదం ఎటు తేలినా, దావీదు చేసిన పని మన ముందుంది. దేవుడికి తెలిసింది విన్నాడు, విని అడుగు మార్చాడు. ఆ జ్ఞానం అతని కాళ్లు కట్టేయలేదు, పారిపోవడానికి దారి చూపించింది.

ముందే తెలిసి ఉండటం వేరు, బలవంతంగా చేయించడం వేరు. ఈ తేడా చెప్పినవాళ్లలో నాకు ఎక్కువ నచ్చేవాడు బోయీథియస్. 6వ శతాబ్దపు రోమన్ పండితుడు, గొప్ప పదవి నుంచి పడి, మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ చెరలో కూర్చుని రాశాడు. ఎండలో ఒక మనిషి నడుస్తున్నాడు. మనం సూర్యుణ్నీ చూస్తున్నాం, ఆ మనిషినీ చూస్తున్నాం. సూర్యుడు పొడవక మానడు, కానీ ఆ మనిషి తన ఇష్టం కొద్దీ నడుస్తున్నాడు. మనం చూస్తున్నాం కాబట్టి అతను నడవడం లేదు. నిన్న, నేడు, రేపు అంతటినీ దేవుడు ఒక్కసారిగా, కళ్ల ఎదుట ఉన్నట్టు చూస్తాడు కాబట్టి ఆయన చూపు కూడా మన మెడ పట్టి నెట్టదని బోయీథియస్ వాదం. చావు ముంగిట ఉన్న మనిషి ఇంత నిదానంగా ఆలోచించాడు.

ఇలాంటి ఆలోచన తెలుగువాళ్లకు కొత్తది కాదు. గీత 7వ అధ్యాయంలో కృష్ణుడు జరిగిపోయిన, ఉన్న, రాబోయే ప్రాణులన్నీ తనకు తెలుసంటాడు. అదే కృష్ణుడు 18వ అధ్యాయంలో, చెప్పాల్సిందంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు. రెండు మతాల సిద్ధాంతాలు ఒకటేనని నేను అనను. తెలియడమూ స్వేచ్ఛ ఇవ్వడమూ పక్కపక్కన ఉండగలవని మన ఇళ్లలో చాలాకాలంగా విన్నమాటే అని మాత్రం అంటాను.

మనిషి గుణం సంగతికి వద్దాం. దావీదును రాజుగా ఎన్నుకున్న సన్నివేశం అందరికీ తెలిసిందే, అయినా దగ్గరగా చూస్తే కొన్ని సంగతులు పట్టుబడతాయి. ప్రవక్త సమూయేలు కొమ్ములో తైలం నింపుకుని బేత్లెహేములో యెష్షయి ఇంటికి వస్తాడు. పెద్దకొడుకు ఏలీయాబు ఎదుటికి రాగానే ఇతనే అనుకుంటాడు. మంచి పొడగరి. దేవుడు వద్దంటాడు, మనుషులు పైరూపం చూస్తారు, తాను హృదయం చూస్తానంటాడు. సమూయేలు అలా పొరబడటానికి కారణం ఉంది. అంతకుముందు ఆయన అభిషేకించిన సౌలు కూడా జనమందరికన్నా తల ఎత్తు ఎక్కువున్నవాడే. ఏడుగురు కొడుకులు దాటిపోయారు. ఇంకెవరూ లేరా అంటే, చిన్నవాడొకడున్నాడు, గొర్రెలు కాస్తున్నాడన్నాడు తండ్రి. ప్రవక్త ఇంటికొచ్చిన రోజున కూడా పిలవాలని తోచని కొడుకు. అతను వచ్చేదాకా భోజనానికి కూర్చునేది లేదన్నాడు సమూయేలు. తీరా దావీదు వచ్చాక, చూడముచ్చటగా ఉన్నాడని కథకుడు రాస్తాడు. రూపం మీద దేవుడికి ద్వేషమేమీ లేదు, దానితో తూకం వేయడు, అంతే.

ఏలీయాబులో దేవుడు ఏం చూశాడో ఆ రోజు చెప్పలేదు. మరుసటి అధ్యాయంలో కొంత కనపడుతుంది. గొల్యాతుతో పోరుకు ముందు, అన్నలకు తిండి మోసుకొచ్చిన తమ్ముడి మీద ఏలీయాబు అందరి ముందూ మండిపడతాడు. ఆ కొద్దిపాటి గొర్రెల్ని ఎవరికి వదిలి వచ్చావు, నీ పొగరు నాకు తెలుసు అంటాడు. తమ్ముడి హృదయం తనకు తెలుసన్నది అతని ధీమా. హృదయం తెలిసినవాడు అప్పటికే ఆ ఇంట్లో వేరే మాట చెప్పి ఉన్నాడు.

సౌలు మాటేమిటి? అతన్నీ దేవుడే ఎన్నుకున్నాడు కదా, చివరికి చెడిపోయాడు కదా? నేను దాటవేయలేని ప్రశ్న ఇదే. సౌలుకు దేవుడు కొత్త మనసు ఇచ్చాడని గ్రంథమే చెబుతోంది. మొదట్లో అతను సామాన్లలో దాక్కునేంత బిడియస్తుడు. మంచి రాజు కాగల శక్తి అతనిలో నిజంగానే ఉంది. ఆ శక్తి అబద్ధం కాదు, దాన్ని అతను పోగొట్టుకున్నాడు. ఫలానా విధంగా కాగలవని దేవుడికి తెలిసి ఉండటం అలా అవుతావనే హామీ కాదు. గిద్యోను అందుకు ఇంకో రుజువు. మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నవాణ్ని దేవదూత పరాక్రమశాలీ అని పిలిచాడు. మనష్షే గోత్రంలో మా ఇల్లు అడుగునుందని గొణిగినవాడు ఆ పిలుపుకు తగ్గట్టే ఎదిగాడు. గెలిచాక మాత్రం దోపుడు బంగారంతో ఏఫోదు చేయించి తన ఇంటికే ఉరి తెచ్చిపెట్టాడు. దావీదు కూడా పరాయివాడి భార్య బత్షెబ విషయంలో ఎంత దిగజారాడో తెలిసిందే. ఆ పాపం కూడా ముందే తెలిసినవాడే అతన్ని గొర్రెల మంద దగ్గర్నుంచి పిలిపించాడు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొప్ప ఊరట. మన లోపాలు బయటపడిన రోజున ఆయన ఆశ్చర్యపోయి మొహం తిప్పుకునే అవకాశం లేదు.

ఈ సంగతిని యేసు శిష్యుడు పేతురు కన్నా బాగా చూపించే మనిషి బైబిల్లో లేడు. చివరి రాత్రి భోజనం దగ్గర యేసు అతనితో, కోడి కూయకముందే మూడుసార్లు నన్నెరగనంటావు అని చెప్పాడు. లూకా సువార్తలో ఆ హెచ్చరికకు ముందే ఇంకో మాట ఉంది. నీ నమ్మకం తప్పిపోకుండా వేడుకున్నాను, నువ్వు తిరిగి వచ్చాక నీ సోదరుల్ని స్థిరపరచు అన్నాడు. పడతావని చెప్పకముందే లేస్తావని చెప్పాడు, లేచాక చేయాల్సిన పనీ అప్పజెప్పాడు. ఆయనకు అంతా తెలుసు కదా, మరి వేడుకోవడం ఎందుకు? మొదట్లో అడిగిన ప్రశ్నే ఇది. తెలిసినవాడే మోకాళ్లూనాడు. ప్రార్థన తెలియనివాళ్లు చేసే పనే అయితే ఆయన చేసి ఉండేవాడు కాదు.

ప్రధాన యాజకుడి పెరట్లో బొగ్గుల మంట దగ్గర పేతురు చెప్పినట్టే బొంకాడు. తర్వాత సరస్సు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట, చేపలు, రొట్టె. నన్ను ప్రేమిస్తున్నావా అని యేసు మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు మనసు నొచ్చుకుంది. అంతకుముందైతే పెద్ద పెద్ద మాటలు చెప్పేవాడు, అందరూ వదిలినా నేను వదలను అన్నవాడు. ఇప్పుడు తన మీద తనకే నమ్మకం లేదు. నీకు అన్నీ తెలుసు ప్రభువా, ప్రేమిస్తున్నానని కూడా నీకు తెలుసు అన్నాడు. దేవుని సర్వజ్ఞతను ఒక మనిషి తన తరఫు సాక్షిగా పిలుచుకున్న చోటు అది. తన గురించి తాను చెప్పుకోలేనిది ఆయనకు తెలుసన్న ధైర్యంతో అన్నాడు.

ఆ వెంటనే యేసు అతనికి మంద అప్పగించాడు, ముసలితనంలో ఎలాంటి చావు రాబోతుందో కూడా సూచించాడు. పేతురు వెనక్కి తిరిగి ఇంకో శిష్యుణ్ని చూసి, మరి ఇతని సంగతేమిటి అని అడిగాడు. మనమైనా అదే అడుగుతాం. మన పిల్లవాడి పక్కన పక్కింటి పిల్లవాణ్ని, అన్న పక్కన తమ్ముణ్ని నిలబెట్టి చూస్తాం. ఒక్కొక్కరి గుణం, ఒక్కొక్కరి గతి తెలిసినవాడు ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. అతని సంగతి నీకెందుకు, నువ్వు నా వెంట రా అన్నాడు.