లేఖ అర్థమైతేనే... పని ముందుకు

కార్యాలయాల్లో కొరవడుతున్న సరళమైన రాత
సరిదిద్దే ఏర్పాటు, శిక్షణ అవసరం

తహసీల్దారు కార్యాలయం నుంచి వచ్చిన నోటీసును చేతపట్టుకుని, అందులో ఏముందో చెప్పమంటూ తిరిగే రైతులు పల్లెల్లో నేటికీ కనిపిస్తారు. వారందరూ చదువురానివారు కారు. అక్షరాలు చదవగలిగినా భావం అందక అడిగేవారూ వారిలో ఉన్నారు. విషయం తెలుసుకునేందుకు మండల కేంద్రానికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీలు అదనం. గడువు దాటితే దరఖాస్తు మూలన పడుతుంది. మరోవైపు, లేఖలో రాయని విషయాన్ని వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటితో వివరించే భారం గుమస్తాపై పడుతోంది.

పాలన ప్రజల భాషలో సాగాలన్న ఉద్దేశంతో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. అయితే లిపి తెలుగైనంత మాత్రాన లేఖ తెలుగులో ఉన్నట్లు కాదు. ఆంగ్ల వాక్యాన్ని మాటకు మాట దించడం, పాత ఫైలులోని నమూనాను యథాతథంగా ఎత్తిరాయడం వల్లనే చిక్కు వస్తోంది.

లోపం ఎక్కడ?

తండ్రి మరణానంతరం భూమిని తన పేరుకు మార్చమని కోరిన రైతుకు వెళ్లే లేఖనే ఉదాహరణగా తీసుకుందాం. ‘తమరు సమర్పించుకొనిన దరఖాస్తు పరిశీలించడమైనది. తదుపరి చర్య నిమిత్తం సంబంధిత ధ్రువపత్రములు సత్వరమే జతపరచవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది’ అని రాస్తే వ్యాకరణ దోషం ఏమీ లేదు. కానీ ఏ పత్రాలు తేవాలి, ఎప్పటిలోగా తేవాలి, ఎవరికి ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం లేదు.

అదే లేఖను ఇలా రాయవచ్చు. ‘మీ దరఖాస్తు అందింది. దానికి మీ తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయలేదు. ఈ రెండింటి నకళ్లను ఈ నెల 15వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా మా కార్యాలయంలోని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చి, రశీదు తీసుకోండి.’ ఇందులో గౌరవానికి లోటు లేదు. రైతు రెండోసారి తిరగవలసిన అవసరమూ లేదు.

కొన్ని సందర్భాల్లో స్పష్టత మర్యాద మాత్రమే కాదు, చట్టపరమైన బాధ్యత. సమాచార హక్కు చట్టం-2005లోని సెక్షన్ 7(8) ప్రకారం దరఖాస్తును తిరస్కరిస్తే అందుకు కారణం, ఎన్ని రోజులలోగా, ఏ అధికారికి అప్పీలు చేసుకోవాలన్న వివరాలు తెలపాలి. మొదటి అప్పీలుకు గడువు సాధారణంగా 30 రోజులే. ఆ వివరాలు లేని లేఖ అందుకున్న వ్యక్తికి హక్కు ఉన్నా దారి తెలియదు.

రెండో కన్ను కావాలి

పత్రికల్లో విలేకరి పంపిన వార్త నేరుగా అచ్చుకు వెళ్లదు. డెస్క్‌లో ఉప సంపాదకుడు చదివి, పేర్లు, అంకెలు సరిచూసి, తికమక వాక్యాలను విడగొడతారు. రాసినవారికి విషయం ముందే తెలుసు కనుక తమ రాతలోని ఖాళీ వారికి కనిపించదు. కొత్తగా చదివేవారికి వెంటనే కనిపిస్తుంది. కార్యాలయాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ప్రతి లేఖకూ నిపుణుణ్ని పెట్టడం సాధ్యం కాదు. అయితే తరచుగా పంపే నోటీసులు, ధ్రువపత్రాల తిరస్కరణలు, గడువు లేఖల నమూనాలను ఒకసారి అనుభవజ్ఞులైన సంపాదకులకో, విశ్రాంత తెలుగు అధ్యాపకులకో చూపించి సరిదిద్దించుకోవచ్చు. ఆ నమూనా ఏళ్లతరబడి ఉపయోగపడుతుంది. సరిదిద్దేవారు సర్వే నంబర్లు, సెక్షన్లు, తేదీలు, సొమ్ము వివరాలను మార్చరాదు. సందేహం ఉంటే రాసినవారినే అడగాలి. తుది ప్రతిని సంబంధిత అధికారి మరోసారి చూసి సంతకం చేయాలి.

శిక్షణ ఎలా ఉండాలి?

హైదరాబాదులోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ వంటివి ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నాయి. రాత విషయంలో మండల స్థాయిలోనూ పూటపాటు తరగతి నిర్వహించుకోవచ్చు. వ్యాకరణ సూత్రాల వల్లెవేత కన్నా, అదే కార్యాలయం పంపిన పది లేఖలను పేర్లు తొలగించి తిరగరాయించడం మేలు. ఒక వాక్యంలో ఒకే విషయం చెప్పడం, చేయవలసిన పనిని మొదట రాయడం, ‘తెలియజేయడమైనది’ బదులు ఎవరు చేశారో చెప్పడం అలవాటు కావాలి. తిరగరాసిన లేఖను ఆ ఫైలుతో సంబంధం లేని అటెండరుకో, బయట వేచి ఉన్న అర్జీదారుకో ఇచ్చి, ఏమి అర్థమైందో చెప్పమనాలి. వారు తడబడిన చోటే దిద్దుబాటు జరగాలి.

శిక్షణ ఫలించిందో లేదో తెలుసుకోవడమూ కష్టం కాదు. ఒక నోటీసు పంపిన తరువాత వివరణ కోసం ఎందరు కార్యాలయానికి వచ్చారో నెలపాటు లెక్కరాస్తే చాలు. ఆ సంఖ్య తగ్గితే గుమస్తాకు సమయం, రైతుకు ఒకరోజు కూలి మిగిలినట్లే.