ఇంధనమూ ఉపాధీ: నాగార్జునసాగరము నేర్పిన పాఠము

పల్నాటి సీమయందు చమురుబావి యొక్కటియు లేదు. సున్నపురాయి, నాపరాయి, మిరప, పత్తి, ఇవియే ఈ గడ్డకు కలిమి. అయినను చమురుపై బ్రతుకు నిలుపుకొన్న కుటుంబము లిచ్చట తక్కువేమియు కావు. చిలకలూరిపేట లారీ డ్రైవరును, క్లీనరును, నరసరావుపేట పెట్రోలు బంకులో పనిచేయు కుఱ్ఱవాడును, మాచర్లలో ట్రాక్టరు ఇంజనులు బాగుచేయు మెకానిక్కును, ఇంటింటికి గ్యాసుబండ మోయు కూలియు ఆ కుటుంబముల వారే. సూర్యరశ్మినుండియు గాలినుండియు విద్యుత్తును తీయుదమని ప్రభుత్వములు సంకల్పించినపుడు వీరి గతి యేమి యను ప్రశ్న సహజముగనే పుట్టుచున్నది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పక ముందునకు సాగు విధాన మేదియు ధర్మమైనది కాజాలదు.

చమురు, సహజవాయువుల కొలువులు మన రాష్ట్రమున ముఖ్యముగా కృష్ణా గోదావరీ పరీవాహకమును ఆశ్రయించియున్నవి. ఓఎన్‌జీసీ రిగ్గులు, తాటిపాక శుద్ధికర్మాగారము, పైపులైన్లు, ట్యాంకర్లు కోనసీమ యువకులకు దశాబ్దములుగా పని కల్పించినవి. ఆ పనితోపాటు భయమును వచ్చినది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి అరువది రోజులకు పైగా మండినది. 2014 జూన్‌లో నగరము గ్రామమున పైపులైను పేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు పోయినవి. భయము నటుంచి స్థిరత్వమును పరిశీలించినను, భూగర్భముపై పెట్టుకొన్న ఆశ లన్నియు ఫలింపలేదు. 2009 ఏప్రిల్‌లో ఈ పరీవాహకమునందలి కేజీ డీ6 క్షేత్రమునుండి వాయువు వెలువడినపుడు రాష్ట్రమంతయు ఉప్పొంగినది; కాని కొలది సంవత్సరములలోనే ఆ ఉత్పత్తి వేగముగా క్షీణింపగా, కృష్ణకు ఆవలియొడ్డున కొండపల్లిలో విస్తరింపబడిన విద్యుత్కేంద్రమువంటివి వాయువు లేక మూలపడినవి. 2024 జనవరిలో కాకినాడ తీరమునకు దూరముగా, లోతుసముద్రమున ఓఎన్‌జీసీ తొలిచమురును తీసినది గనుక ఈ వృత్తి రేపే అంతరించునని యనరాదు. ఐనను ప్రతి బావికిని ఆయుఃపరిమితి యున్నదని ఆ వృత్తిలోనివారికే యెక్కువ తెలియును.

మఱి క్రొత్త ఇంధనమో? 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానము 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులను, 7.5 లక్షల ఉద్యోగములను లక్ష్యముగా పెట్టుకొన్నది. సంఖ్య ఘనమైనది. కాని ఆ ఉద్యోగము లెట్టివి, ఎంతకాలము నిలుచునవి యని విచారింపవలెను. సౌరఫలకములను బిగించునపుడు వందలమందికి పని దొరకును. బిగించిన పిమ్మట వానిని తుడుచుటకును, కాచుటకును కొలదిమంది చాలుదురు.

ఈ సత్యమును గ్రహించుటకు పల్నాటివారు దూరము పోనక్కరలేదు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతికట్టడపు ఆనకట్ట; దానికై వేలకొలది కూలీలు ఏండ్లతరబడి రాళ్ళు మోసిరి. కట్టడము ముగిసినంతనే ఆ పనియు ముగిసినది. విద్యుత్కేంద్రమును నడుపుటకు మిగిలినవారు బహుకొలదిమంది. ఐనను సాగరము పల్నాటికి ఉపాధి నీయలేదని యెవరనగలరు? 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిననాటినుండి కుడికాలువ క్రింద 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఏర్పడి, రైతును, కూలిని, మిల్లును, బజారును పోషించినది. అనగా ఉపాధి యంత్రమునొద్ద పుట్టలేదు. ఆ యంత్రమును, ఆ నీరును ఏ యూరి యే పనికి ఊతమైనవో అక్కడ పుట్టినది. క్రొత్త ఇంధనమును కొలుచుటకును ఇదియే సరియైన కొలబద్ద.

సాగరము నేర్పునది మఱియొకటి కలదు. ఇచ్చటి ప్రధాన విద్యుత్కేంద్రమున 110 మెగావాట్ల యంత్ర మొకటియు, 100.8 మెగావాట్ల యంత్రములేడును గలవు. ఈ యేడును విద్యుత్తు నుత్పత్తి చేయుటయే గాక, మిగులు విద్యుత్తుతో తిరిగి నీటిని పైకి తోడగలవు. తోడుటకు నీరు దిగువన నిలువవలెను గనుక రెంటచింతల మండలములోని సత్రశాలయొద్ద టెయిల్‌పాండ్ ఆనకట్టను నిర్మించిరి. ఒకప్పుడు రాత్రివేళ మిగిలిన విద్యుత్తుతో తోడుటకై రూపొందిన ఈ యేర్పాటు, సౌరవిద్యుత్తు మధ్యాహ్నమున మిగిలి సాయంకాలమున కొఱవడు నేటి కాలమునకు మఱింత అక్కరకు వచ్చునది. ప్రధాన కేంద్రము తెలంగాణమునను, సత్రశాల ఆంధ్రమునను ఉండుటచే, ఉభయ రాష్ట్రములును నీటిలెక్కతోపాటు విద్యుత్తు లెక్కనుగూడ సామరస్యముగా కుదుర్చుకొనుట అవసరము.

పాతవృత్తిని, క్రొత్తవృత్తిని కలుపు వంతెనలును లేకపోలేదు. రాష్ట్రమున 65,000 కోట్ల రూపాయలతో 500 బయోగ్యాసు కర్మాగారములను స్థాపింతుమని రిలయన్సు సంస్థ ఒప్పుకొని, 2025 ఏప్రిల్‌లో పల్నాటికి పొరుగుననున్న నాటి ప్రకాశము జిల్లాలో కనిగిరి ప్రాంతపు దివాకరపల్లియొద్ద తొలి శంకుస్థాపన చేసినది. వాయువును శుద్ధిచేయుట, సంపీడించుట, గొట్టములలో పంపుట, బండలలో నింపుట చమురు, వాయువుల రంగమున ఆరితేరినవారికి కరతలామలకము. ఇట్టి కర్మాగారములు వరిగడ్డిని, పొలములో తగులబెట్టు పంటవ్యర్థములను కొనునట్లయిన, గ్యాసు కార్మికునకు కొలువును, రైతునకు అదనపు రాబడియు ఒక్కమారే సమకూరును. అయితే వాటికై ఇచ్చు భూములలో పశువుల మేతబీళ్ళు పోకుండ గ్రామసభల మాట వినవలెను.

కావున చమురా, సూర్యుడా యని పందెము వేయుట వ్యర్థము. చేయవలసిన పనులు స్పష్టముగానే యున్నవి. డీజిలు మెకానిక్కు చేతిలోని పని పోకమునుపే విద్యుత్ వాహనముల మరమ్మతును అతనికి నేర్పవలెను. ఆ శిక్షణకాలమున అతని యింట పొయ్యి ఆరకుండ భృతి నీయవలెను. సౌరక్షేత్రములు వెలసిన మండలములోనే ఐటీఐలు ఆ విద్యను బోధింపవలెను. పగటి విద్యుత్తు గురజాల రైతు మోటారుకును, మిరపను దాచు శీతలగిడ్డంగికిని, పత్తి జిన్నింగు మిల్లునకును చవకగా అందవలెను. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకును, సిమెంటు కర్మాగారములకును బొగ్గువాడకమును తగ్గించుకొనుటకు గడువును, ఋణసాహాయ్యమును కల్పింపవలెను. నిర్మాణకాలపు కూలిని శాశ్వతోద్యోగముగా లెక్కించి ప్రజలకు చూపరాదు.

మన దేశము ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్ళకు పైగా విదేశములనుండి కొనుచున్నది. ఆ ధనములో కొంతయైనను ఇచ్చటి గ్రామములలో నిలుచుట దేశమునకు మేలే. కాని ఆ మేలు మొదట చేరవలసినది, ఇంతకాలము చమురు మోసి, బొగ్గు ఎత్తి, మన బండ్లను, మన పొయ్యిలను నడిపించినవారికి. వారిని వెంటబెట్టుకొని నడచినపుడే ఈ మార్పు న్యాయమైన దగును. న్యాయమైన దైనపుడే ప్రజలు దానిని తమదిగా స్వీకరింతురు.