పాలియెస్టరు గుడ్డను విప్పే పనివారు

మగ్గం పత్రికలో ప్లాస్టిక్కు సంగతి ఎందుకని కొందరు సభ్యులు అడుగవచ్చును. సంబంధం లేకపోలేదు. మన నేతకు వచ్చే చౌకరకం జరీలో పెక్కు భాగం ఈనాడు వెండి తీగ కాదు. లోహపు పూత పూసిన పాలియెస్టరు రేకును సన్నగా చీల్చిన పోగు. మంచినీళ్ల సీసా, టెరికాట్ చొక్కాలోని టెరిలిన్, ఆ రేకుజరీ — వీటన్నిటి ముడిసరుకు ఒక్కటే. దానిని పెట్ అంటారు.

అదీగాక ఈ సరుకు పుట్టినదే గుడ్డలవారి ఇంట. 1941లో దానిని కనిపెట్టిన విన్‌ఫీల్డు, డిక్సను అనే ఇద్దరూ ఇంగ్లండులో కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే అద్దకపు సంస్థలో రసాయన శాస్త్రజ్ఞులు. కాలికో అన్నది మన కాలికట్ రేవు నుండి పోయిన పేరే. నూలుగుడ్డ పేరు పెట్టుకున్న సంస్థలోనే నూలుగుడ్డకు గట్టి పోటీదారు పుట్టినాడు! టెరిలిన్ వచ్చిన పిమ్మట మన నూలు పంచెల బేరం ఏమైనదో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

నూలుగుడ్డను మట్టిలో వేస్తే మట్టి అవుతుంది. పాలియెస్టరు అలా కాదు. తరాలు గడిచినా అలాగే పడి వుంటుంది. దానిని మళ్లీ మొదటి సరుకుగా మార్చడానికి పూనుకొన్న ఒక బృందాన్ని గురించి మన వారికి చెప్పవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఆ కంపెనీ పేరు కార్బియోస్. ఫ్రాన్సు దేశంలో మిషలిన్ టైర్లకు పేరుపడ్డ క్లెర్మోన్ ఫెరాన్ అనే ఊరిలో 2011లో మొదలైనది. ఇప్పటివారు స్టార్టప్ అంటారే, ఆ రకం. ట్రఫిల్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ వెనుక నిలిచింది. 2013లో వాటాలను బజారులో పెట్టారు. శాస్త్రవిభాగానికి పెద్ద ఆలెన్ మార్తీ. అంతకు ముందు తూలూజ్ నగరంలోని ఇంజనీరింగు విద్యాలయంలో ఆచార్యుడు. ఆ తూలూజ్‌లోనే సోఫీ డ్యూకెన్, ఇసబెల్ ఆంద్రే, వెన్సాన్ తూర్నియే మొదలైనవారు పనిచేశారు. 2020 ఏప్రిలులో వీరి ఫలితం నేచర్ పత్రికలో వెలువడినప్పుడు దాని క్రింద ఇరవైమంది పేర్లున్నవి. మాకు నచ్చినది అదే. పత్రికలవారు ఇటువంటి చోట ఒక్కరి బొమ్మ వేసి ఊరుకుంటారు. చీర ఒక్కటే అయినా అద్దకంవాడు, ఆసు పోసిన ఇల్లాలు, కండెలు చుట్టిన పిల్ల, నేసినవాడు ఎందరో వున్నట్లే ఇక్కడనూ ఎన్నో చేతులున్నవి.

వీరు చేసినదేమిటి? అన్నం మెతుకును చాలాసేపు నమిలితే తియ్యగా తగులుతుంది. నోటిలో ఊరే ఎన్‌జైము మెతుకులోని పిండిపదార్థాన్ని చక్కెరగా విరుస్తుంది. మిల్లులలో గుడ్డకు పట్టిన గంజిని వదలించడానికి వాడే ఎన్‌జైము కూడా ఆ జాతిదే. పెట్ అనేది టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ అనే రెండు రకాల పూసలను ఒకదాని తరువాత ఒకటిగా గుచ్చిన పొడుగాటి దండ. ఆ దండను పూసపూసగా విడదీసే ఎన్‌జైము కావలెను.

అటువంటిది ఒకటి జపానులో దొరికింది. ఆకులు, కొమ్మలు కుళ్ళిన ఎరువులోని సూక్ష్మజీవుల జన్యువులను వెదికి, దానిని ఒసాకా విశ్వవిద్యాలయంవారు 2012లో ప్రకటించారు. ఆకుపైన వుండే మైనపు పొరను కరిగించడం ప్రకృతిలో దాని పని. పెట్‌ను కొరుకుతుంది గాని, ఫ్యాక్టరీకి చాలినంత వేగంగా, నిలకడగా కాదు. పెట్ డెబ్బై డిగ్రీల వేడి దగ్గర మెత్తబడి దండలు వదులౌతవి. కాబట్టి ఆ వేడిలో గంటల తరబడి చెడిపోకుండా నిలిచే ఎన్‌జైము కావలెను. తూలూజ్‌వారు దాని నిర్మాణాన్ని కంప్యూటరు మీద పరిశీలించి నాలుగు చోట్ల మార్పు చేశారు. అందులో రెండు మార్పులు కలిసి ఒక గంధకపు బంధం అయినవి. వదులుగా వున్న చోట గట్టి కుట్టు వేసినట్లన్న మాట. 72 డిగ్రీల వద్ద పది గంటలలో పెట్‌లో నూటికి తొంభై పాళ్లు పూసలుగా విడిపోయినది.

మామూలుగా సీసాలను కరగించి పోగు తీస్తారు. కరగించినకొద్దీ సరుకు నాణ్యం తగ్గుతుంది, రంగు పోదు. పాత చీర చింపి బొంత కుట్టడం అది. వీరు చేసినది పాత చీరను పోగులుగా విప్పి, రంగు తీసి, మళ్ళీ పడుగు చేసి క్రొత్త చీర నేయడం.

సీసా వరకు బాగున్నది. 2021 జూనులో నెస్లే, పెప్సీ మొదలైన కంపెనీలకు నమూనా సీసాలు చేసి చూపారు. ఆ సెప్టెంబరులో ఒక్కసారికి రెండు టన్నులు పట్టే తొట్టితో క్లెర్మోన్ ఫెరాన్‌లో ప్రదర్శన కేంద్రం తెరిచారు. గుడ్డ దగ్గరకు వచ్చేసరికి చిక్కులు ఎదురైనవి. పోగును సాగదీసి బలం తెచ్చినప్పుడు దండలు పడుగు పోగుల వలె ప్రక్కప్రక్కన బిగుసుకుంటవి. బిగిసిన చోట ఎన్‌జైము దూరదు. అందుచేత గుడ్డను ముందు కరగించి, చప్పున చల్లార్చి, పొడి చేయవలెను. దానికంటె ముందు గుండీలు, జిప్పులు ఊడదీయవలెను. ఈ పనికి 2023లో యంత్రాల వరుస పెట్టారు. రంగు, నూలు, సాగే లైక్రా పోగు ఏది కలిసినా శుద్ధి కష్టం. అయినా 2024 అక్టోబరులో రంగురంగుల పాత గుడ్డల నుండి తెల్లని టీషర్టు తీసి చూపారు. పూమా, పటగోనియా వంటి దుస్తుల కంపెనీలు అందులో పాలుపంచుకున్నవి. నేత తెలిసినవారికి ఈ టీషర్టు సీసాకంటె పెద్ద సంగతి. బజారులో "రీసైకిల్డ్ పాలియెస్టరు" అని అమ్మేదంతా దాదాపు సీసాల నుండి వచ్చినదే. పాత గుడ్డ నుండి క్రొత్త గుడ్డ వచ్చినది బహు తక్కువ.

ఇక డబ్బు సంగతి. 2023 జూలైలో 14 కోట్ల 10 లక్షల యూరోలు ప్రోగుచేశారు. భారతీయ వ్యాపార కుటుంబంవారు థాయిలాండులో స్థాపించిన ఇండోరామా కంపెనీ ఫ్యాక్టరీ ప్రక్కనే, లోన్‌లావిల్ అనే చోట, ఏటా 50,000 టన్నులు విప్పే ఫ్యాక్టరీకి 2024 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఆ డిసెంబరులోనే కట్టడాన్ని వాయిదా వేస్తున్నామని ప్రకటించవలసి వచ్చినది. మిగిలిన పెట్టుబడి సమకూడలేదు. 2025లో సిబ్బందిని తగ్గించే యోచనా చెప్పారు. చమురు నుండి చేసిన క్రొత్త పెట్ చౌక. తిరిగి చేసినది ఖరీదు. నమూనా మెచ్చుకున్నవారందరూ ఆర్డరు ఇవ్వరు. సొసైటీ గోడౌనులో నిలిచిన బేళ్లను చూచినవారికి ఈ బాధ క్రొత్త కాదు.

ఈ విద్య గెలిస్తే మన నూలునేతకు మేలని మేము అనలేము. తిరిగి చేసిన పాలియెస్టరు కూడా పాలియెస్టరే. "భూమికి మేలైన గుడ్డ" అని చీటీ కట్టుకొని మన సరుకు ప్రక్కనే అంగట్లో కూర్చుంటుంది. అయినా ఆ శాస్త్రజ్ఞుల కృషిని తక్కువ చేయడం న్యాయం కాదు. చెత్త పెరగకుండా చూడడం అందరికీ కావలసినదే.

జరీ మాట మొదట అన్నాము. అసలు జరీ వున్న పాత పట్టుచీరను కంచిలోనైనా, బరంపురంలోనైనా కొనేవారున్నారు. కాల్చి వెండి తీసుకుంటారు. రేకుజరీ చీరకు ఎవరూ రారు. దానిలో పట్టో నూలో, పాలియెస్టరు, లోహపు పూత మూడూ పెనవేసుకున్నవి. పైన చెప్పిన చిక్కులు అన్నీ దానికీ వున్నవి. కనుక కండెలు చుట్టేటప్పుడు, మగ్గం దించేటప్పుడు మిగిలే రేకుజరీ తునకలను నూలు చెత్తతో కలపక వేరే సంచిలో వేయించమని సొసైటీలవారిని కోరుతున్నాము. నూలు చెత్త శుభ్రంగా వుంటేనే కొనేవాడు సరియైన ధర కట్టుతాడు.